ఆమె గురించి ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు?

ప్రశ్న: నేను డిగ్రీలో జీవశాస్త్రం చదువుతున్నాను. నెట్టీ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త జీవితం మీద పెద్ద వ్యాసం రాయాలి. నెట్‌లో ఎక్కడ చూసినా అవే మూడు పేరాలు, వాక్యాలు కూడా దాదాపు అవే. పైగా లింగాన్ని నిర్ణయించే క్రోమోజోములను ఆమే కనిపెట్టారని ఒకచోట ఉంది, విల్సన్ అనే మరో శాస్త్రవేత్త కనిపెట్టారని ఇంకోచోట ఉంది. వెబ్‌సైట్లు వద్దు, లైబ్రరీ డేటాబేస్‌లు చూడమని మా మేడమ్ అన్నారు. లాగిన్ అయితే ఇచ్చారు గానీ, తెరిస్తే పెద్ద జాబితా. ఏది దేనికో తెలియదు. పైన ఉన్న సెర్చ్ బాక్స్‌లో ఆమె పేరు కొడితే వేలల్లో ఫలితాలు వచ్చాయి, సగం ఇంకెవరో స్టీవెన్స్‌లవి. టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక పాఠకురాలు

సమాధానం:

ముందు ఆ పైనున్న సెర్చ్ బాక్స్‌ను కాసేపు మర్చిపోండి. అది లైబ్రరీలో ఉన్నవన్నీ కలిపి వెతుకుతుంది. స్టీవెన్స్ లాంటి సాధారణమైన ఇంటిపేరు అందులో కొడితే ఎవరికైనా మీకు వచ్చిన ఫలితమే వస్తుంది. తప్పు మీది కాదు.

మనిషి గురించి వెతికేటప్పుడు మొదట తేల్చుకోవలసింది ఆ మనిషి పేరు. వింతగా అనిపిస్తుంది గానీ, సగం పని ఇక్కడే ఉంది. మీరు నెట్టీ స్టీవెన్స్ అని వెతికారు. ఆవిడ తన పరిశోధన పత్రాల మీద పెట్టుకున్న పేరు ఎన్. ఎం. స్టీవెన్స్. పూర్తి పేరు నెట్టీ మరియా స్టీవెన్స్. ఆ కాలం వాళ్లు ఆమె గురించి రాసేటప్పుడు మిస్ స్టీవెన్స్ అనో డాక్టర్ స్టీవెన్స్ అనో రాశారు. అంటే ఆమె బతికి ఉన్న రోజుల్లో అచ్చయిన కాగితాల్లో మీరు కొట్టిన పేరు చాలాచోట్ల లేనే లేదు. ఇప్పటివాళ్లు ఆమె గురించి రాసినవాటిలోనే అది ఎక్కువగా ఉంటుంది. మీకు అవే మూడు పేరాలు తిరిగి తిరిగి రావడానికి ఇదొక కారణం.

ఇలా మారిన పేర్లను ఒకచోట చేర్చే డేటాబేస్‌లు ఉన్నాయి. వయాఫ్ (VIAF) అనే దానిలో వివిధ దేశాల జాతీయ గ్రంథాలయాలు ఒకే వ్యక్తికి వాడే పేర్లన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. దానికి లాగిన్ కూడా అక్కర్లేదు. మార్క్ ట్వేన్ అని కొట్టినా, శామ్యూల్ క్లెమెన్స్ అని కొట్టినా అది ఒకే మనిషి దగ్గరికి తీసుకెళ్తుంది. లైబ్రరీ క్యాటలాగ్‌లో పేరు పక్కన పుట్టిన, చనిపోయిన సంవత్సరాలు వేస్తారు చూశారా, అదీ ఇందుకే. మీ స్టీవెన్స్ 1861లో పుట్టి 1912లో చనిపోయిన స్టీవెన్స్. ఈ రెండు అంకెలు దగ్గర పెట్టుకుంటే ఇంకెవరో స్టీవెన్స్‌లు చాలామంది వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు. పెళ్లయిన స్త్రీల గురించి వెతికేవాళ్లకు ఈ పని ఇంకా ఎక్కువ. పాత ఇంగ్లిష్ పత్రికల్లో వాళ్ల సొంత పేరు కాకుండా మిసెస్ అని పెట్టి భర్త పేరు వేసేవారు. భర్త పూర్తి పేరు తెలియకపోతే ఆ మనిషి అసలు దొరకదు.

పేరు తేలాక వెళ్లవలసింది జీవిత చరిత్రల నిఘంటువులకు. ఇక్కడ ఒక తేడా గమనించండి. కొన్ని నిఘంటువులు చనిపోయినవారికే చోటిస్తాయి, కొన్ని బతికున్నవారికి. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఆఫ్ నేషనల్ బయోగ్రఫీ, అమెరికన్ నేషనల్ బయోగ్రఫీ మొదటి రకం. బ్రిటన్‌లో వచ్చే హూజ్ హూ రెండో రకం. అందులోని వ్యక్తి చనిపోతే ఆ వివరాలు హూ వాజ్ హూ అనే వేరే సంపుటంలోకి వెళ్తాయి. నిరుడు పోయిన మనిషిని ఆక్స్‌ఫర్డ్ వారి దాంట్లో వెతికి, లేరని నిరాశపడేవాళ్లు ఉంటారు. అక్కడ వ్యాసం రావడానికి కొన్నేళ్లు పడుతుంది.

ఎవరెవరు ఏ నిఘంటువులో ఉన్నారో ఒక్కొక్కటీ తెరిచి చూడనక్కర్లేదు. మీ జాబితాలో బయోగ్రఫీ అండ్ జీనియాలజీ మాస్టర్ ఇండెక్స్ అనేది ఉందేమో చూడండి. ఉంటే అదృష్టమే. అందులో జీవిత కథ ఏమీ ఉండదు. ఫలానా వ్యక్తి గురించి ఫలానా ఫలానా గ్రంథాల్లో వ్యాసం ఉందని మాత్రం చెబుతుంది. తెరవగానే ఇదేమిటి, ఏమీ లేదే అని మూసేస్తారు చాలామంది. అది చేసే మేలు అదే మరి: గంటల పని నిమిషాల్లో అయిపోతుంది.

మీ విషయంలో నేనైతే రెండు గ్రంథాలతో మొదలుపెడతాను. ఒకటి 1971లో వచ్చిన నోటబుల్ అమెరికన్ విమెన్. పాత నిఘంటువుల్లో స్త్రీలకు చోటు బాగా తక్కువ, ఆ లోటు తీర్చడానికే దాన్ని ప్రత్యేకంగా తయారుచేశారు. రెండోది డిక్షనరీ ఆఫ్ సైంటిఫిక్ బయోగ్రఫీ. 1970 నుంచి 1980 వరకు పదహారు సంపుటాలుగా వచ్చింది. శాస్త్రం తెలిసినవాళ్లే శాస్త్రవేత్తల గురించి రాశారు కాబట్టి, ఎక్కడ పుట్టారు, ఎక్కడ చదివారు అన్నదానితో ఆగదు, ఏం కనుక్కున్నారు అన్నది కూడా వివరంగా ఉంటుంది. ఈ వ్యాసాలు చదివేటప్పుడు ఒక అలవాటు చేసుకోండి. ముందు చివరి పేరాకు వెళ్లండి. రాసినవాళ్లు ఏ ఉత్తరాలు చూశారో, ఏ పత్రికలు తిరగేశారో, సంస్మరణ వ్యాసం ఎక్కడ అచ్చయిందో అక్కడ ఉంటుంది. నన్నడిగితే నిఘంటువు వ్యాసంలో అన్నిటికన్నా విలువైన భాగం అదే. పైదంతా వేరే ఒకరు చేసిన క్లుప్తీకరణ. కిందిది మీరు సొంతంగా నడవగలిగే దారి. వికీపీడియాను తిట్టాల్సిన పని లేదు. దాన్ని కూడా ఇలాగే కింది నుంచి పైకి చదివితే బోలెడు పనికొస్తుంది. చాలా పేజీల అడుగున వయాఫ్ లింకు కూడా ఉంటుంది.

ఇక మీ అసలు చిక్కు: స్టీవెన్సా, విల్సనా?

ఇలాంటిచోట మూడో వెబ్‌సైట్ చూసి ఓట్లు లెక్కపెట్టడం దండగ. మూడోది మొదటిదాన్ని చూసే రాసి ఉంటుంది. ఆ సంగతి బయటికొచ్చిన ఏడాది, అంటే 1905లో, వాళ్లిద్దరూ ఏం అచ్చు వేశారో చూడాలి. అది కష్టమేమీ కాదు. పరిశోధన పత్రికలుండే జేస్టోర్‌ (JSTOR)లో గాని, పాత జీవశాస్త్ర గ్రంథాలు, పత్రికలుండే బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో గాని అడ్వాన్స్‌డ్ సెర్చ్ తెరవండి. పేరును రచయిత అనే గడిలోనే వేయండి, మామూలు గడిలో కాదు. ఎన్. ఎం. స్టీవెన్స్ అని పొడి అక్షరాలతో వేసి, సంవత్సరాలు 1900 నుంచి 1912 వరకు పెట్టండి. వేల ఫలితాలు ఒక్కసారిగా ఒకటి రెండు పేజీల్లోకి దిగివస్తాయి. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అందరికీ ఉచితం. జేస్టోర్‌లో కూడా అమెరికాలో అచ్చయిన పాత వ్యాసాలు చాలావాటికి లాగిన్ అడగదు.

అక్కడ కనిపించేది ఇది. స్టీవెన్స్ పిండి పురుగు మీద పనిచేశారు. ఆడ పురుగు కణాల్లో ఇరవై పెద్ద క్రోమోజోములు, మగ పురుగు కణాల్లో పంతొమ్మిది పెద్దవి, ఒక చిన్నది ఉన్నట్టు గమనించారు. ఆ చిన్నదే తేడా చేస్తోందన్నది ఆమె వాదన. అదే ఏడు ఎడ్మండ్ విల్సన్ వేరే కీటకాల మీద పనిచేసి అలాంటి ఫలితమే ప్రకటించారు. ఆయన 1905 నాటి ఒక వ్యాసం అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: డాక్టర్ ఎన్. ఎం. స్టీవెన్స్ పిండి పురుగులో అసమానమైన క్రోమోజోముల జంటను స్వతంత్రంగా కనుక్కున్నారని, ఆమె అనుమతితో ఆ సంగతి చెబుతున్నానని. అంటే ఆ ఇద్దరి మధ్యా ఈ విషయంలో దాపరికం లేదు. ఒకరి పేరు ఉంచి ఇంకొకరి పేరు వదిలేయడం తర్వాత రాసినవాళ్ల పని. ఎక్కడ, ఎప్పుడు వదిలేశారో పాత పాఠ్యపుస్తకాలు తిరగేసి చూపించగలిగితే, మీ వ్యాసంలో బలమైన భాగం అదే అవుతుంది. ఆ మూడు పేరాల వాళ్లెవరూ ఈ పని చేసి ఉండరు.

ఇక సంస్మరణ వ్యాసం సంగతి. స్టీవెన్స్ 1912 మే నెలలో చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో సైన్స్ పత్రికలో ఆమె పరిశోధనల మీద ఒక వ్యాసం వచ్చింది. రాసింది థామస్ హంట్ మోర్గాన్, బ్రిన్ మార్ కాలేజీలో ఆమెకు పాఠం చెప్పినవారు, తర్వాత 1933లో నోబెల్ అందుకున్నవారు. ఆయన ఆమెను దగ్గరగా ఎరిగినవారు కాబట్టి ఆ వ్యాసం మీకు తప్పకుండా కావాలి. అదే కారణంగా దాన్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని చదవాలి. ఆయన కూడా అదే రంగంలో, అదే ప్రశ్న మీద పనిచేస్తున్న మనిషి. క్రోమోజోములే లింగాన్ని నిర్ణయిస్తాయన్న మాటను ఒప్పుకోవడానికి ఆయనకు కొంత కాలం పట్టింది. గురువు శిష్యురాలి గురించి రాసేటప్పుడు ఏ పని ఎత్తి చూపారు, దేన్ని ముక్తసరిగా దాటేశారు, మీరే గమనించండి.

ఎవరు రాశారు అన్న ఈ ప్రశ్న ఏ డేటాబేస్‌లోనైనా అడగాల్సిందే. హూజ్ హూలో వివరాలు ఆ వ్యక్తి నింపి పంపిన పత్రం నుంచి వస్తాయి. కాబట్టి పదవులు, బిరుదులు పక్కాగా ఉంటాయి, చెప్పుకోవడం ఇష్టంలేనివి ఉండవు. ఊడిన ఉద్యోగం గురించి అక్కడ వెతకడం వృథా. అచ్చయిన గ్రంథం గదా అని గుడ్డిగా నమ్మడానికీ లేదు. అమెరికాలో 1887 నుంచి 1889 వరకు యాపిల్టన్స్ సైక్లోపీడియా ఆఫ్ అమెరికన్ బయోగ్రఫీ అని ఒక పెద్ద గ్రంథం వచ్చింది. అందరూ దాన్ని ప్రమాణంగా వాడుకున్నారు. 1919లో జాన్ బార్న్‌హార్ట్ అనే వృక్షశాస్త్ర గ్రంథకారుడు, అందులో ఉన్న పద్నాలుగు మంది వృక్షశాస్త్రవేత్తలు అసలు పుట్టనే లేదని బయటపెట్టారు. వాళ్లు రాశారని చెప్పిన పుస్తకాలు ఏ జాబితాలోనూ లేకపోవడమే అనుమానానికి మూలం. తర్వాత ఇతరులు వెతికితే అలాంటి కల్పిత జీవితాలు ఇంకా డజన్లకొద్దీ బయటపడ్డాయి. రాసినదాని నిడివిని బట్టి డబ్బులిచ్చేవారట, ఎవరో మహానుభావుడు మనుషుల్ని పుట్టించి మరీ రాశాడు. ఇప్పుడు చాట్‌బాట్‌లు లేని పుస్తకాల పేర్లు చెబుతుంటే ఆ గ్రంథమే గుర్తొస్తుంది. మందు కూడా అప్పటిదే: పుస్తకం పేరు కనిపిస్తే, అది నిజంగా ఏదైనా లైబ్రరీలో ఉందా అని, ఎన్నో లైబ్రరీల ఉమ్మడి క్యాటలాగ్ అయిన వరల్డ్‌క్యాట్‌లో ఒకసారి చూడటం.

పాత దినపత్రికల డేటాబేస్‌ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వాటిలో వెతకడం వేరే రకం పని. అక్కడున్నది పేజీల ఫోటోలు. యంత్రం ఆ ఫోటోలను చదివి అక్షరాలుగా మారుస్తుంది, మసక ప్రతిలో తప్పులు చదువుతుంది. స్టీవెన్స్ అన్న పేరులో ఒక అక్షరం చెదిరితే చాలు, మీ వెతుకులాటకు అది చిక్కదు. పత్రికలవాళ్లే స్పెల్లింగ్ మార్చి స్టీఫెన్స్ అని వేసే ప్రమాదమూ ఉంది. చాలా డేటాబేస్‌లలో అనుమానమున్న అక్షరం చోట ప్రశ్నార్థకమో నక్షత్రం గుర్తో పెట్టవచ్చు, ఏది పనిచేస్తుందో సహాయం పేజీలో చెబుతారు. ఇంకో ఉపాయం, పేరును వదిలేసి చుట్టూ ఉన్నవాటితో వెతకడం. కాలేజీ పేరు, ఊరి పేరు, 1912 మే నెల, మరణం అన్న మాట, ఇవి కలిపి చూడండి. దొరక్కపోతే ఆమె చిన్న మనిషని అనుకోకండి. న్యూయార్క్ టైమ్స్ వాళ్లే తమ పాత మరణవార్తల్లో ఎక్కువ శాతం తెల్లజాతి పురుషులవేనని ఒప్పుకుని, వదిలేసిన వాళ్ల కోసం 2018లో ఓవర్‌లుక్డ్ అని ప్రత్యేక శీర్షిక మొదలుపెట్టారు.

మీ వ్యాసంలో ఖాళీగా మిగిలే కాలం ఏదో కూడా ఇప్పుడే చెప్పగలను. స్టీవెన్స్ స్టాన్‌ఫర్డ్‌లో చేరింది 1896లో, ముప్పై అయిదేళ్ల వయసులో. అంతకు ముందు చాలా ఏళ్లు టీచరుగా పనిచేశారు. ఆ మూడు పేరాల్లో ఈ కాలానికి ఒక్క వాక్యం కూడా దక్కి ఉండదు. దీనికి వంశ చరిత్రల డేటాబేస్‌లు పనికొస్తాయి: జనాభా లెక్కల కాగితాలు, ఊళ్లో ఉండేవాళ్ల పేర్లు, అడ్రసులు అచ్చువేసిన ఊరి డైరెక్టరీలు, స్కూళ్ల వార్షిక నివేదికలు. ఒక అడ్డంకి ఉంది. అమెరికా 1890 జనాభా లెక్కల కాగితాలు 1921లో జరిగిన అగ్నిప్రమాదంలో బాగా పాడైపోయాయి, మిగిలినవి కూడా దాదాపు అన్నీ తర్వాత నాశనం చేశారు. సరిగ్గా మీకు కావలసిన కాలమే. కాబట్టి ఆ ఏడు కోసం వెతుకుతూ ఒక సాయంత్రమంతా పోగొట్టుకోకండి, ఊరి డైరెక్టరీలకు వెళ్లండి. 1900 లెక్కల్లో మాత్రం పుట్టిన నెల, సంవత్సరం కూడా అడిగి రాసుకున్నారు. పుట్టినరోజు విషయంలో తేడాలొచ్చినప్పుడు అది అక్కరకొస్తుంది.

చాలామంది తలుపు కూడా తట్టని రెండు చోట్లున్నాయి. ఒకటి పాత డాక్టరేట్ గ్రంథాలు. ఆ కాలంలో అమెరికాలో పరిశోధకులు గ్రంథం చివర వీటా అని ఒక చిన్న పేజీ చేర్చేవారు. ఎక్కడ పుట్టారు, ఎక్కడ చదివారు, ఎవరి దగ్గర చదివారు అన్నది వాళ్ల మాటల్లోనే ఉంటుంది. స్టీవెన్స్ డాక్టరేట్ 1903లో బ్రిన్ మార్ నుంచి వచ్చింది. ఆ గ్రంథం తెరిచినప్పుడు చివరి పేజీ చూడకుండా మూయకండి. రెండోది ఆర్కైవ్‌గ్రిడ్. ఎవరి ఉత్తరాలు, నోటు పుస్తకాలు ఏ సంస్థలో ఉన్నాయో అందులో తెలుస్తుంది. అలాంటి సేకరణల వివరాల పట్టికలో మొదట ఒక చిన్న జీవిత పరిచయం ఉంటుంది. ఆ పెట్టెల్లోని కాగితాలన్నీ సర్దిన మనిషి రాసింది కాబట్టి, అది ఒక్కోసారి నిఘంటువు వ్యాసం కన్నా నిక్కచ్చిగా ఉంటుంది. స్టీవెన్స్ పేరు మీద వెతకండి, అలాగే మోర్గాన్, విల్సన్ పేర్ల మీద కూడా వెతకండి. ఒకరి ఉత్తరాలు ఇంకొకరి పెట్టెల్లో ఉంటాయి కదా.

రెండు చిన్న ఇబ్బందులు మీకు తప్పకుండా ఎదురవుతాయి, ముందే చెబుతున్నాను. గూగుల్ నుంచి నేరుగా వెళ్తే వ్యాసం తెరుచుకోదు, డబ్బు కట్టమంటుంది. కట్టకండి. లైబ్రరీ పేజీలో లాగిన్ అయి అక్కడి లింకు ద్వారానే వెళ్లండి, అదే వ్యాసం ఉచితంగా తెరుచుకుంటుంది. రెండోది, పైన అడ్రస్ బార్‌లో ఉన్న లింకును కాపీ చేసి దాచుకుంటే మర్నాటికి అది పనిచేయకపోవచ్చు. పేజీలో పర్మలింక్ అని వేరే ఉంటుంది, దాన్ని దాచుకోండి. దానితోపాటు ఏ డేటాబేస్‌లో ఏ మాటలు కొట్టి వెతికారో కూడా ఒక ముక్క రాసి పెట్టుకుంటే, వారం తర్వాత అదే పని మళ్లీ చేయాల్సిన బాధ తప్పుతుంది.

మీ లైబ్రరీలో ఇవన్నీ ఉండాలని లేదు. లేనివాటికి లైబ్రేరియన్‌ను అడగండి, మొహమాటపడొద్దు. కానీ స్టీవెన్స్ గురించి ఏమైనా ఉందా అని అడిగితే వాళ్లు కూడా ఆ పెద్ద సెర్చ్ బాక్స్ దగ్గరే మొదలుపెట్టాల్సి వస్తుంది. ఇలా రాయండి: "నెట్టీ మరియా స్టీవెన్స్, 1861లో పుట్టి 1912లో మరణించిన అమెరికన్ శాస్త్రవేత్త. నోటబుల్ అమెరికన్ విమెన్‌లోని వ్యాసం, 1912 అక్టోబరు సైన్స్‌లో మోర్గాన్ రాసిన వ్యాసం నాకు దొరికాయి. 1896కు ముందు ఆమె టీచరుగా ఉన్న కాలానికి ఊరి డైరెక్టరీలు కావాలి. మన దగ్గర లేకపోతే వేరే లైబ్రరీ నుంచి తెప్పించగలరా?" ఇలా అడిగితే ఏ లైబ్రేరియన్‌కైనా ఉత్సాహం వస్తుంది. అన్నట్టు, వంశ చరిత్రల డేటాబేస్‌లు కొన్ని లైబ్రరీ కంప్యూటర్లలోనే తెరుచుకుంటాయి, ఇంటి నుంచి రావు. ఆ ఉత్తరంలోనే అదీ అడిగేయండి.